క్యాంపులో బాగా నడిచినందుకు

దరఖాస్తు పెట్టింది జూన్ పదకొండున, మంగళవారం. తార్నాకలో మా వీధి చివర ఉన్న సేవా కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి నా ఆధార్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "వికలాంగుల సర్టిఫికెట్ ఎవరికి మేడం?" అని అడిగింది. నాకే అన్నాను. ఆ అమ్మాయి కౌంటర్ మీద నుంచి వంగి చూసింది. నా చీర కుచ్చిళ్ళు నేల దాకా ఉన్నాయి. ఆమెకేమీ కనబడలేదు. మళ్ళీ నా ముఖం చూసి టైపు చేసుకుంది. డెబ్బయ్యొక్క ఏళ్ళు వచ్చాక, బయటి మనిషికి నేను ఆ సంగతి చెప్పడం అదే మొదలు.

నాకు మూడో ఏట పోలియో వచ్చింది. కుడి కాలు ఎడమ కాలి కంటే అంగుళమున్నర పొట్టి. పిక్క దగ్గర సన్నం. దీన్ని దాచుకోవాలని మా ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు గానీ, చెప్పుకునే సంగతి కాదని అందరికీ తెలుసు. మెట్టుగూడలో చెప్పులు కుట్టే ఒకాయన కుడి చెప్పు అడుగున ఎత్తు పెట్టి ఇచ్చేవాడు. ఆయన పోయాక ఆయన కొడుకు ఇస్తున్నాడు. ఆ చెప్పులు వేసుకుని, చీర కిందికి కట్టుకుని, తొందరపడకుండా నడిస్తే ఎదుటివాళ్ళకు తేడా తెలియదు. అలాగే నలభై ఒక్క ఏళ్ళు యూనివర్సిటీ గేటు ఎదురుగా ఒక గదిలో కూర్చుని థీసిస్‌లు టైపు చేశాను. మొదట మిషను మీద, తర్వాత కంప్యూటర్ మీద. మొత్తం నాలుగువందల పన్నెండు. ఏ థీసిస్ ఏ రోజు మొదలుపెట్టానో, ఏ రోజు ఇచ్చానో పుస్తకంలో రాసుకున్నాను. చెప్పిన రోజు దాటి ఇచ్చినవి మూడే.

ఇప్పుడు ఎవరి లాప్‌టాప్‌లో వాళ్ళు టైపు చేసుకుంటున్నారు. నా గది మూసి ఐదేళ్ళు దాటింది. ఒకరి దగ్గర ఉద్యోగం చేసినదాన్ని కాదు కనుక రిటైరైనవాళ్ళకు వచ్చే పింఛను నాకు లేదు. బ్యాంకు వడ్డీతో తిండీ మందులూ గడుస్తాయి, ఇంటి అద్దె గడవదు. వికలాంగుల పింఛను వస్తే అదీ గడుస్తుంది. వృద్ధుల పింఛను అందులో సగమే, దానితో అద్దె తీరదు. రాకపోతే కాకినాడలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోవాలి. లెక్క అంతే.

తమ్ముడు ఆదివారం ఆదివారం సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తాడు. "ఇంకా ఎన్నాళ్ళే అక్కా, అక్కడ ఒక్కదానివీ. వచ్చెయ్యి. హాల్లో మంచం వేయిస్తాను" అంటాడు. మంచివాడు. మరదలు కూడా మంచిదే. కానీ హాల్లో మంచం అంటే అందరూ టీవీ కట్టేసేదాకా పడుకోకూడదు, అందరూ లేచేలోపు లేవాలి. నేను పదహారేళ్ళుగా ఉంటున్న ఈ ఇంట్లో నేను ఎప్పుడు పడుకున్నదీ ఎప్పుడు లేచిందీ అడిగేవాళ్ళు లేరు. అది కొన్నిసార్లు కష్టంగా ఉంటుంది. అయినా పోగొట్టుకోవాలని లేదు.

ఇంటావిడతో అద్దె కాగితం పదకొండేసి నెలలకు రాసుకుంటాం. ఆ ఏడు ఆగస్టు ఒకటిన రాసుకున్నది మరుసటి జూన్ ముప్పైతో అయిపోతుంది. తర్వాత అద్దె పెంచక తప్పదని ఇంటావిడ ముందే చెప్పింది. అంటే నా పింఛను సంగతి ఆ జూన్ ముప్పై లోపల తేలాలి.

ముందు సర్టిఫికెట్ రావాలి. ఆసుపత్రిలో డాక్టర్లు పరీక్ష చేసి మనిషిలో ఎంత శాతం వైకల్యం ఉందో రాసే రోజును అందరూ క్యాంపు అంటారు. నలభై శాతం పడితేనే పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. క్యాంపు ఏ రోజో ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పరు.

ఎదురుచూడడం నాకు చేతనవుననుకున్నాను. థీసిస్ ఇచ్చాక వైవా కోసం ఏడాది, రెండేళ్ళు ఎదురుచూసినవాళ్ళను నా గదిలో చూశాను. ఏ పని లేకపోయినా వచ్చి స్టూలు మీద కూర్చునేవాళ్ళు. రోజూ ఆఫీసుకు వెళ్ళి అడగకండి, వారానికి ఒక రోజు పెట్టుకోండి, మిగతా ఆరు రోజులూ అది లేదనుకోండి అని చెప్పేదాన్ని. నా విషయంలోనూ అదే నియమం పెట్టుకున్నాను. సోమవారం పొద్దున క్యాంపస్‌లోకి వెళ్ళి, లైబ్రరీ దగ్గర జిరాక్స్ షాపులో నా దరఖాస్తు నంబరు ఇచ్చి ఎంతదాకా వచ్చిందో చూపించుకోవాలి. మిగతా రోజుల్లో అడగకూడదు. అడగలేదు గానీ, ఆరు రోజులూ అది లేదనుకోవడం మాత్రం నాకు చేతకాలేదు. ఇతరులకు చెప్పినంత తేలిక కాదని అప్పుడు తెలిసింది.

క్యాంపస్ నిండా ఎదురుచూసేవాళ్ళే. చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్ళు, రాసిన పరీక్ష ఫలితం రానివాళ్ళు, ఫలితం వచ్చి కోర్టులో ఆగినవాళ్ళు. అయితే వాళ్ళు గుంపులుగా ఎదురుచూస్తారు. ఒకరి పుస్తకం ఒకరు లాక్కుంటారు, ఒక టీని ఇద్దరు పంచుకుంటారు. నేను వాళ్ళ మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్తే కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చేవాళ్ళు. అంతకు మించి వాళ్ళకూ నాకూ మాటల్లేవు.

జూలై రెండో సోమవారం జిరాక్స్ షాపులో ఒకామె నా భుజం తట్టింది. యాభై ఏళ్ళుంటాయి. చేతులకు ఉల్లిపాయల వాసన. ఫోను నా ముందు పెట్టి, "మేడం, గిది జర చదివి చెప్తరా? ఇంగ్లీషుల వచ్చింది" అంది.

చదివాను. "మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది."

"అంటే?"

"అంటే ఇంకా ఏమీ కాలేదని."

"గీ ముక్క చెప్పనీకి గంత ఇంగ్లీషెందుకు?" అని ఫోను జాకెట్లో దోపుకుంది.

ఆమె లేడీస్ హాస్టల్ మెస్సులో వంట చేస్తుంది. లాలాపేట్‌లో ఉంటారు. భర్త మేస్త్రీ. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఆయన కోసం దరఖాస్తు పెట్టింది, నా కంటే తొమ్మిది రోజుల ముందు. ఆ తర్వాత ప్రతి సోమవారం పదిన్నరకు, మెస్సులో టిఫిన్లు అయ్యాక ఆమె వచ్చేది. ముందు ఆమె నంబరు, తర్వాత నా నంబరు చూపించుకునేవాళ్ళం. ఇద్దరిదీ పరిశీలనలోనే ఉండేది. ఎదురుగా సిమెంటు బల్ల మీద కూర్చుని టీ తాగేవాళ్ళం. ఎప్పుడూ పావుగంట. మెస్సులో అన్నం వార్చే వేళకు ఆమె వెళ్ళిపోవాలి.

ఆ పావుగంటలో ఎక్కువ మాట్లాడేది ఆమే. హాస్టల్ పిల్లలు సాంబారులో ముక్కలు లెక్కపెడతారని, భర్త మాట సరిగ్గా రాకపోయినా తిట్లు మాత్రం ముద్దుగా పలుకుతాడని చెప్పేది. "పెండ్లప్పుడు గిన్ని తిట్లు రాకపోయె. ఇప్పుడే నేర్చిండు" అని నవ్వేది. నాకేమిటి సమస్య అని ఒకసారి అడిగింది. కాలు అన్నాను. ఆమె నా కాళ్ళ వైపు చూసి, "మంచిగనే నడుస్తున్నరు గద" అంది. ఆ మాట నాకు నచ్చింది.

క్యాంపు మెసేజ్ ఆగస్టు ఇరవైన వచ్చింది. సెప్టెంబరు పదకొండు, పొద్దున తొమ్మిదికి రమ్మని. ఇరవై రెండు రోజుల వ్యవధి. ఆ రోజు నుంచే నేను నడక సాధన మొదలుపెట్టాను. పరీక్షకు తయారు కాకుండా వెళ్ళడం నాకు అలవాటు లేదు. నలుగురు డాక్టర్ల ముందు తూలితే, గోడ పట్టుకుంటే ఎలా అనిపించింది. రోజూ ఆరింటికి గేటు దగ్గర మొదలుపెట్టి లైబ్రరీ దాకా నడిచేదాన్ని. మొదటి రోజు ఏడు చోట్ల ఆగాను. ఇరవై రెండో రోజుకు మూడు చోట్ల ఆగితే సరిపోయింది. ఆ మూడు వారాలూ తొడ నరం రగిలిపోయేది. వేడి నీళ్ళు పోసుకుని ఓర్చుకున్నాను.

క్యాంపు రోజు గంజి పెట్టిన నేత చీర కట్టుకున్నాను. కాగితాలన్నీ వరుసగా పెట్టి, ఒక్కోదానికి రెండేసి జిరాక్సులు తీసి ఫైలులో పట్టుకెళ్ళాను. ఆసుపత్రి వరండాలో నూట ముప్పై మంది దాకా ఉన్నారు. కొందరిని ఎత్తుకొచ్చారు. నా పక్కన కూర్చున్న ముసలాయన నన్ను చూసి, "మీరు ఎవరితోని వచ్చిన్రు?" అని అడిగాడు. ఒక్కదాన్నే వచ్చానన్నాను. "కాదు, ఎవరికి చూపిస్తున్నరు అని" అన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంట పది నిమిషాలకు నన్ను పిలిచారు. డాక్టరుకు ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. బల్ల మీద పడుకోబెట్టి టేపుతో కాళ్ళు కొలిచాడు. కాలు ఎత్తమన్నాడు. తన చేతిని పాదంతో తొయ్యమన్నాడు. తర్వాత గోడ దాకా నడిచి రమ్మన్నాడు. నేను అలవాటు ప్రకారం చెప్పులు వేసుకున్నాను. ఎవరూ వద్దనలేదు. వీపు నిటారుగా పెట్టి, అడుగు అడుగుకూ సమంగా, గోడ దాకా వెళ్ళి వచ్చాను.

"మెట్లు ఎక్కుతారా?"

"ఎక్కుతాను. నేనుండేది మొదటి అంతస్తులోనే."

"కింద కూర్చుని లేస్తారా?"

"లేస్తాను."

"ఇంట్లో పనులు ఎవరు చేస్తారు?"

"నేనే. అన్నీ నేనే చేసుకుంటాను."

"గుడ్" అన్నాడు డాక్టరు. ఆ మాటకు ఇంటికి చేరేదాకా సంతోషంగా ఉంది. చాలా రోజుల తర్వాత ఒక మనిషి నన్ను మెచ్చుకున్నాడు. హబ్సిగూడ వైపు వెళ్ళే రద్దీలో నిలబడి ఆటో కోసం ఎదురుచూస్తూ కూడా నిటారుగానే నిలబడ్డాను.

వారంలో వస్తుందన్న ఫలితం నలభై రోజులకు, అక్టోబరు ఇరవై ఒకటిన వచ్చింది. సోమవారం. జిరాక్స్ షాపు కంప్యూటర్ మీద ముప్పై ఆరు శాతం అని ఉంది. మళ్ళీ చూపించమన్నాను. షాపతను మళ్ళీ చూపించాడు. ముప్పై ఆరే.

మెస్సు ఆమె పక్కనే ఉంది. క్యాంపులో ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పించుకుంది. నేను సాధన చేసిన సంగతీ, గంజి చీర సంగతీ చెప్పాను. ఆమె టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"గట్ల సోకుగ తయారై పోతే ఎవరిస్తరు మేడం? పెండ్లిచూపులకు పోయిన్రా మీరు?"

"మాసిన చీరతో వెళ్ళి కుంటమంటావా? అది మోసం కాదూ?"

"మోసమేంది? నేను మా ఆయనను ఇంట్ల ఎట్లుంటడో గట్లనే తోలుకపోత. గడ్డం గియ్య, నూనె వెట్ట. ఇంట్ల మీరు గట్లనే నడుస్తరా? చెప్పుండ్రి."

నేను కుచ్చిళ్ళు సర్దుకున్నాను.

"నడవరు గద. మరి మోసం జేసింది ఎవరు? ఆ డాక్టర్ సాబునే మోసం జేసి వచ్చిన్రు మీరు" అంది. కొంగుతో మూతి తుడుచుకుని అన్నం వార్చడానికి వెళ్ళిపోయింది.

చాలా కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇంటికి వచ్చి, గది తలుపు వేసుకుని, చెప్పులు విప్పి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. మంచం అంచు, కుర్చీ వీపు, గోడ, తలుపు చట్రం, గ్యాస్ బల్ల. నేను ఇంట్లో నడిచే దారి అది. ఒక చెయ్యి ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని పట్టుకునే ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆ నడక ఎవరూ చూడలేదు. నేను కూడా దాన్ని నా నడకగా లెక్కలో వేసుకోలేదు.

బయట నడిచే నడక మా నాన్న నేర్పిన విద్య. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో మాకు పొడుగాటి వరండా ఉండేది. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి నాన్న సుద్దముక్కతో గీత గీసేవాడు. దాని మీద నన్ను నడిపించేవాడు. ఆ చివర కుర్చీలో కూర్చుని, నేను ఎదురుగా వస్తుంటే చూసి, "ఇప్పుడు తెలిసింది. ఇప్పుడు తెలియలేదు. మళ్ళీ రా" అనేవాడు. తెలియలేదు అన్నన్ని సార్లు నాకు గర్వంగా ఉండేది. పెళ్ళిచూపులకు నాలుగు కుటుంబాల వాళ్ళు వచ్చారు. ముగ్గురు కట్నం దగ్గర, జాతకం దగ్గర ఆగారు. వాళ్ళకు కాలు సంగతి తెలియనే లేదు. నాలుగోసారి వచ్చిన పెద్దావిడ లోపలికి వస్తూ గుమ్మం దగ్గర నా చెప్పులు చూసింది. ఒకటి మందం, ఒకటి పల్చన. ఆవిడ కాఫీ తాగకుండానే లేచింది. ఆ తర్వాత నాన్న ఇంకెవరినీ పిలవలేదు. నాకు టైపు నేర్పించాడు. చెప్పులు మాత్రం ఆనాటి నుంచి లోపలే విడిచేదాన్ని.

మళ్ళీ పరీక్ష చేయమని నవంబరు నాలుగున దరఖాస్తు పెట్టాను. ఈసారి నూట తొంభై తొమ్మిది రోజులు పట్టింది.

ఆ రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అదే వాటి కష్టం. ఊరు వెళ్ళడానికి లేదు, మెసేజ్ ఎప్పుడు వస్తుందో, ఎన్ని రోజుల వ్యవధి ఇస్తారో తెలియదు. ఫిబ్రవరిలో తమ్ముడి మనవరాలికి చెవులు కుట్టించారు. వెళ్ళలేదు. "ఏం ఆఫీసర్ ఉద్యోగమే అక్కా నీది, సెలవు దొరకదా?" అన్నాడు తమ్ముడు. ఎందుకు రాలేనో అతనికి చెప్పలేదు. వికలాంగుల సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టిన సంగతే అతనికి తెలియదు. పింఛను కోసం ప్రయత్నిస్తున్నానని మాత్రం చెప్పాను. ఏ పింఛనో అతను అడగలేదు, నేను చెప్పలేదు.

మెస్సు ఆమె భర్తకు నవంబరు చివర్లో క్యాంపు అయింది. జనవరి ఆరు, సోమవారం ఫలితం వచ్చింది. తొంభై శాతం. ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తర్వాత నా వైపు చూసి, సంతోషపడవచ్చో లేదో తెలియనట్టు, "మీది గూడ అయితది మేడం" అంది. స్టీలు డబ్బాలో మెస్సు సేమ్యా పాయసం తెచ్చి ఇచ్చింది. ఆ డబ్బా కడిగి వచ్చే సోమవారానికి సంచిలో పెట్టుకున్నాను.

వచ్చే సోమవారం ఆమె రాలేదు. ఆమెకు ఇక జిరాక్స్ షాపుతో పని లేదు. దాంట్లో తప్పేముంది? జనవరి పదమూడు నుంచి మే పందొమ్మిది దాకా పందొమ్మిది సోమవారాలు. అందులో రెండుసార్లు వచ్చింది. ఒకసారి డబ్బా తీసుకెళ్ళింది. ఒకసారి భర్తను కసరత్తుకు తీసుకెళ్తూ ఆటో ఆపి, దిగకుండానే చెయ్యి ఊపింది. మిగతా పదిహేడూ నేను ఒక్కదాన్నే నంబరు చూపించుకుని, బల్ల మీద పావుగంట కూర్చుని లేచాను. టీ కూడా తాగాను. పావుగంట తగ్గించవచ్చు గానీ తగ్గించబుద్ధి కాలేదు.

మార్చి పందొమ్మిదిన, బుధవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి స్నానాల గదిలో పడ్డాను. దెబ్బ పెద్దది కాదు. లేవడమే కాలేదు. బకెట్ పట్టుకుంటే బకెట్ జారింది. కుళాయి అందలేదు. కింద ఇంటావిడ కుక్కర్ కూత వినబడుతోంది. కేకేస్తే వస్తుంది. రెండుసార్లు నోరు తెరిచాను గానీ, ఏమని కేకెయ్యాలో తెలియలేదు. ఇంతలో గదిలో ఫోను మోగింది. మెసేజ్ వచ్చిన మోత. అది క్యాంపు మెసేజే అయి ఉంటుందని, ఈ రోజే రమ్మంటారేమోనని అనిపించి, మోచేతుల మీద పాకుతూ గుమ్మం దాటాను. మంచం దగ్గరికి చేరేసరికి పదీ పదిహేను. ఫోను చూశాను. ఇంటర్నెట్ ప్యాకేజీ మీద తగ్గింపు ఉందట.

అక్కడే, మంచం కోడుకు ఆనుకుని నేల మీద కూర్చుని నవ్వాను. ఎవరైనా ఉంటే చెప్పుకుని నవ్వాల్సిన సంగతి. తర్వాతి సోమవారం చెబుదామంటే బల్ల మీద ఎవరూ లేరు.

రెండో క్యాంపు మే ఇరవై రెండున. ఎత్తు చెప్పులు ఇంట్లో వదిలేసి, స్నానాల గదికి వేసుకునే రబ్బరు చెప్పులు వేసుకుని వెళ్ళాను. వీధిలోకి అలా రావడం అదే మొదటిసారి. ఆటో దాకా ముప్పై అడుగులు నడవడానికి కాంపౌండ్ గోడ పట్టుకున్నాను. ఎండ అప్పుడే మండుతోంది. ఎవరూ చూడలేదు. చూసినా పట్టించుకోలేదు.

వేరే డాక్టరు. కాస్త పెద్దవాడు. పాత కాగితం ముందు పెట్టుకున్నాడు. గోడ దాకా నడిచి రమ్మన్నాడు. చెప్పులు విప్పి లేచి నిలబడితే నడక రాలేదు. ఇంట్లో నడిచినట్టు నడవాలని తెలుసు. కానీ మనిషి చూస్తుంటే వీపు దానంతటదే నిటారుగా అవుతోంది. అప్పుడు గదిలో ఎవరూ లేరనుకున్నాను. అది కష్టం కాలేదు, పదహారేళ్ళుగా అలవాటే. బల్ల అంచు, కుర్చీ, గోడ. వెళ్ళి వచ్చాను.

"మెట్లెక్కుతారా?"

"ఎక్కుతాను. రెయిలింగు రెండు చేతులతో పట్టుకుని, మెట్టుకు రెండు కాళ్ళూ పెట్టి. పద్నాలుగు మెట్లకు ఆరు నిమిషాలు."

"కింద కూర్చుంటే?"

"లేవలేను."

"ఈ మధ్య ఎప్పుడైనా పడ్డారా?"

"మార్చి పందొమ్మిదిన. యాభై అయిదు నిమిషాలు లేవలేదు."

ఆయన తలెత్తాడు. "మరి పోయినసారి అన్నీ చేసుకుంటానని చెప్పారని రాసి ఉందమ్మా ఇక్కడ."

"చెప్పాను. బాగా నడిచి చూపించాను కూడా. దానికి ఇరవై రెండు రోజులు సాధన చేశాను."

"ఎందుకు?"

నేను రబ్బరు చెప్పులు వెతుక్కుని వేసుకున్నాను. ఆయన కలం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. ఈసారి గుడ్ అనలేదు. బయటికి వచ్చాక వరండాలో బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. ఒంటి మీద బట్ట లేకుండా వీధిలో కూర్చున్నట్టుంది. నిజం చెప్పినందుకు తేలిగ్గా ఉంటుందని ఎవరైనా అంటే నేను నమ్మను.

సర్టిఫికెట్ జూన్ పదహారున వచ్చింది. యాభై ఎనిమిది శాతం, శాశ్వతం. మరునాడే పింఛనుకు దరఖాస్తు పెట్టాను. ఎప్పటికి వస్తుందని అడిగితే సేవా కేంద్రం అమ్మాయి, "చెప్పలేం మేడం. కొత్తవి చాలా ఆగి ఉన్నయ్" అంది. ఏడాదికి పైగా ఎదురుచూసింది ఇంకో వరసలో నిలబడడానికని అర్థమైంది.

ఎవరికైనా చెప్పాలనిపించి హాస్టల్ మెస్సుకు వెళ్ళాను. ఆమె పెద్ద గిన్నెలో పప్పు కలుపుతోంది. ఆవిరి మధ్య నుంచే, "నేను చెప్పలే? చెప్పిన గద" అని అరిచింది. లోపల నుంచి ఎవరో కేకేశారు. "మల్ల మాట్లాడుదం మేడం" అని వెళ్ళింది. కాసేపు నిలబడ్డాను. వడ్డన మొదలైంది. వచ్చేశాను.

జూన్ ముప్పై దగ్గర పడింది. పింఛను రాదు. పెరిగిన అద్దె కట్టలేను. ఇరవై ఆరున, గురువారం, ఖాళీ చేస్తానని చెప్పడానికి కిందికి దిగాను. ఇంటావిడ గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది.

"ఏంది మేడం, అద్దె గురించేనా?"

"అద్దె గురించే. మెట్ల గురించి కూడా" అన్నాను. ఆ రెండో మాట చెప్పాలని నేను అనుకోలేదు. వచ్చేసింది.

"మెట్లకేమైంది?"

"ఎక్కలేకపోతున్నానమ్మా. నాకు చిన్నప్పుడు పోలియో వచ్చింది. నాలుగేళ్ళుగా మరీ కష్టంగా ఉంది."

ఆమె చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "పదహారేండ్ల సంది ఉంటున్నరు. ఒక్కనాడన్న చెప్పిన్రా? పెద్ద చదువులోల్లతోని తిరిగిన మనిషి, గందుకే దర్జాగ మెల్లగ నడుస్తరనుకున్న."

"చెప్పలేదు."

"వెనక అర్ర ఖాళీగనే ఉన్నది. మా అత్త ఉండె గండ్ల. ఇప్పుడు పాత మంచాలు, కూలర్లు ఏసిన. గాలి తక్కువ, కిటికీ దిక్కు గోడ. నచ్చుతె అద్దె తగ్గించి ఇస్త. నచ్చకుంటె మీ ఇష్టం."

వెళ్ళి చూశాను. గది పదీ పన్నెండు అడుగులు. గుమ్మం ఎత్తు మూడంగుళాలు. కిటికీలోంచి నిజంగానే గోడ తప్ప ఏమీ కనబడదు. పై గదిలో నాకు వీధంతా కనబడేది. వడ్డీలో ఆ అద్దె ఇరుకుగా పడుతుంది. రెండు రోజులు లెక్క వేసి, ఇరవై ఎనిమిదిన సంతకం పెట్టాను.

ఆదివారం ఏడింటికి తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఒకటో తారీఖు తర్వాత టికెట్ తీసెయ్యనా అక్కా?"

"వద్దురా. కింద గదికి మారుతున్నాను. పదకొండు నెలలకు సంతకం పెట్టాను."

"అయితే పింఛను వచ్చిందన్నమాట."

"రాలేదు. దరఖాస్తు పెట్టి పన్నెండు రోజులైంది. అది వికలాంగుల పింఛనురా." మిగతాదీ చెప్పేశాను. "మెట్లు ఎక్కలేకపోతున్నాను. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తున్నాను. ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియనివ్వలేదు."

"నాకు తెలుసే" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"బడికి నీ వెనకే కదా నడిచేవాణ్ణి. ముందు నుంచి చూస్తే కుంటు తెలియదు. వెనక నుంచి తెలుస్తుంది. నీకు చెప్పొద్దన్నారు నాన్న."

నాన్న ఎప్పుడూ వరండా చివర ఎదురుగానే కూర్చునేవాడు. తమ్ముడికి అరవై ఆరేళ్ళు. ఇన్నేళ్ళూ అతనితో మాట్లాడిన ప్రతి ఆదివారం అతనికి ఇది తెలుసు. వానలు పడుతున్నాయా అని అడిగాను. పడుతున్నాయన్నాడు. సామాను దించడానికి రానా అన్నాడు. మనుషుల్ని మాట్లాడాను, వద్దన్నాను. ఫోను పెట్టేశాక రమ్మంటే బాగుండేదేమో అనిపించింది. మళ్ళీ చెయ్యలేదు.

పింఛను ఇంకా రాలేదు. ఇది రాస్తున్న నాటికి దరఖాస్తు పెట్టి తొంభై ఏడు రోజులు.

జూలై ఒకటిన మాట్లాడుకున్న ఇద్దరు వచ్చి సామాను దించారు. నలభై నిమిషాలు పట్టింది. గది ఊడ్చి, తాళం వేసి, నేను ఆఖరున దిగాను. రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని, మెట్టుకు రెండు కాళ్ళూ పెట్టి దిగుతుంటే ఇంటావిడ వాకిట్లో నిలబడి చూస్తోంది. సామాను దించిన ఇద్దరూ చూస్తున్నారు. మామూలుగా అయితే ఎవరైనా వాకిట్లో ఉంటే వాళ్ళు లోపలికి వెళ్ళేదాకా పైనే ఆగేదాన్ని. ఆ రోజు ఆగలేదు. చూడనిచ్చాను.